గడ్డినత్తల దురాయి

గవ్వలదిబ్బ దీవి వాళ్లు గడ్డినత్తను నత్తల్లో జమకట్టేవాళ్లు కాదు. పులికాట్ సరస్సు అడుగున, ఉప్పునీళ్లలో పెరిగే గడ్డిని అంటిపెట్టుకుని పెసరగింజంత ఉంటుందది. గడ్డి రంగే దాని రంగు. కూరకు రాదు, సున్నానికి రాదు, వలలో పడినా ఎవరి కంటా పడదు. ఆ దీవిలోనే పుట్టి, పెద్ద చదువు చదివి డాక్టరు పట్టా తెచ్చుకున్న నీలావతి తిరిగొచ్చి ఆ నత్తనే పట్టుక్కూర్చుంటే ఊరు నవ్వక ఏం చేస్తుంది? రొయ్యల ఊళ్లో పుట్టి మా అక్క నత్తలకు పురుళ్లు పోస్తోందని తమ్ముడు చెంగయ్యే అందరికంటే ముందు వెక్కిరించాడు.

ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు. సరస్సును సముద్రంతో కలిపే మొగ ఇసుక మేటవేసి పూడుకుపోయింది. అడుగున గడ్డి మీద జిగురుపాచి పేరుకుని గడ్డి కుళ్లడం మొదలైంది. రొయ్యపిల్ల దాక్కుని పెరిగేది ఆ గడ్డిలోనే. గడ్డి పోయిన చోట వల వేస్తే నల్లటి బురద తప్ప ఏమీ వచ్చేది కాదు. చెంగయ్య పడవ ఒడ్డున బోర్లించి ఉండేది. చివరికి వాడు అవతలి ఒడ్డున అక్క పనిచేసే ప్రయోగశాలలోనే పడవ నడిపే పనికి కుదిరాడు. నత్తలకు నువ్వు మంత్రసానివి, నీకు నేను పడవవాణ్ని అని ఒప్పేసుకున్నాడు.

ఆ ఎండాకాలం నీలావతి సూక్ష్మదర్శినిని సంచిలో పెట్టుకుని దీవికి వచ్చింది. ఊరిపెద్దల ముందు దాన్ని చాప మీద పెట్టింది. పెద్దకాపు పోలయ్య ఒక కన్ను మూసి అందులోకి చూశాడు. గడ్డి ఆకు మీద ఒక చిన్న తిత్తి, తిత్తి నిండా గుడ్లు. వాటిలో ఒకటే మెల్లగా తిరుగుతోంది. మిగిలినవి కదలడం లేదు.

ఆయన చూస్తుండగానే నీలావతి చెప్పుకొచ్చింది. మన నత్త తిత్తిలో గుడ్లన్నీ పిల్లలవుతాయి. కంటికి ఆనని ఆ పిల్లలు పూర్వం మొగ దాటి సముద్రంలో పెరిగి, పోటునీళ్లతో తిరిగొచ్చేవి. మొగ పూడాక అన్నీ దారిలోనే చస్తున్నాయి. ఇప్పుడు పెద్దకాపు చూస్తున్నది చలి సముద్రంలో ఉండే దాని దూరపు చుట్టాన్ని. దాని తిత్తిలో ముందు కదిలిన గుడ్డు ఒక రసం వదులుతుంది. రసం తగిలిన తోబుట్టువులు అక్కడికక్కడే ఆగిపోతాయి. ముందుది వాటిని తిని, బలిసి, గుల్లతో సహా పాకుతూ బయటికొస్తుంది. దానికి సముద్రంతో పనిలేదు. ఆ రసాన్ని తాను తయారుచేయగలిగానని, మన నత్తకు అందిస్తే ఇక్కడే పెరిగి గడ్డి మీది జిగురంతా గీక్కుతింటుందని చెప్పింది. నత్త ఉంటే గడ్డి, గడ్డి ఉంటే రొయ్య, రొయ్య ఉంటే మనం. ఈ చివరి మాట మాత్రం అందరికీ అర్థమైంది.

పోలయ్య ఇంకా కన్ను తియ్యలేదు. "అంటే ఇది తోడబుట్టినోళ్లను తింటాదామ్మా?"

"నత్తకు తోడబుట్టడం గీడబుట్టడం ఏముంటాది పెదనాయనా."

"పేరేం పెట్టినారు ఈ మందుకు?"

పేరు పెట్టింది ప్రయోగశాల డైరెక్టరు సదానందం. ముందు కదిలినదాని రసం గనక జ్యేష్ఠ అన్నాడు. ఆ పేరు వినగానే పోలయ్య ముఖం చిట్లించాడు. అది లక్ష్మీదేవి అక్క పేరని, ఆమె కాలుపెట్టిన ఇంట్లో పొయ్యి రాజుకోదని గొణిగాడు. అయినా ఒప్పుకున్నాడు. పొయ్యి రాజుకోక అప్పటికే చాలా రోజులైంది.

దీవికి ఉత్తరాన గడ్డి కాస్త మిగిలిన చోట ఆ రసం నింపిన గుళికలు వేశారు. చుట్టూ చెంగయ్య వెదుళ్లు నాటి ఎర్రగుడ్డలు కట్టాడు. కాపులు, అంటే ఊరిపెద్దలు, దురాయి వేసి కట్టుబాటు పెట్టారు. ఆ వెదుళ్ల లోపల ఎవరూ వల వెయ్యకూడదన్నది దాని సారాంశం. ఆ ఊళ్లో దురాయి మాట పోలీసు మాట కంటే పైది. పస్తయినా ఉంటారు గానీ దాన్ని దాటరు. ఈసారి కూడా దాటలేదు. తర్వాత జరిగినదాంట్లో ఊరివాళ్ల వలలకు ఏ పాపమూ లేదు.

వానలు పడేనాటికి వెదుళ్ల లోపల గడ్డి తేరుకుంది. చెంగయ్య నీళ్లలో మునిగి ఒక పిడికెడు గడ్డి పీక్కొచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఆకు ఆకుకూ నత్తలు, శుభ్రంగా గీకిన ఆకులు. రొయ్యలు వెదుళ్లు దాటి బయటికి పొంగాయి. బోర్లించిన పడవలన్నీ నీళ్లలోకి దిగాయి. నీలావతి ఎదురైతే ముసలమ్మలు మెటికలు విరిచేవాళ్లు. నత్తల డాక్టరమ్మ అనే మాటలో వెక్కిరింత పోయింది.

ఆ సంతోషంలోనే ఇంకో సంతోషం. చెంగయ్య భార్య వనజ నీళ్లోసుకుంది. పెళ్లయిన ఏడేళ్లకు వచ్చిన కడుపు. స్కానింగులో కవలలని తేలింది. రెండు గుండెలూ కొట్టుకోవడం నీలావతి కూడా తెరమీద చూసింది. పెళ్లి వద్దనుకున్న మనిషి, పిల్లల ఊసెత్తితే నత్తలున్నాయిగా అని నవ్వే మనిషి, ఆ రోజు ఆసుపత్రి వరండాలో కళ్లు తుడుచుకుంది. మగపిల్లలైతే వరుణ్, తరుణ్ అని వనజ అప్పుడే పేర్లు ఖాయం చేసింది. ఆడపిల్లలైతేనో అని అడిగితే అంత తొందరేముంది వదినా అంది.

ప్రయోగశాలలో పని యథాప్రకారం సాగింది. వారం వారం చెంగయ్య వెదుళ్ల లోపలి నుంచి బుట్టెడు రొయ్యలు పట్టి తెచ్చేవాడు. దురాయిలో ప్రయోగశాలకు ఆ ఒక్క మినహాయింపు ఉంది. నీలావతి తల తుంచి, పెంకు ఒలిచి, కండను పరీక్షకు పెట్టేది. జ్యేష్ఠ ఆనవాలు ఒక్కసారి కూడా కనబడలేదు. బేరగాళ్లు కొనేది, ఓడలెక్కేది కండే గనక సదానందానికి కావలసిందీ ఆ ఫలితమే. రొయ్యల్లో ఏమీ లేదు, నిశ్చింతగా తినొచ్చని నీలావతి ఇంట్లో కూడా చెప్పింది.

ఐదో నెల స్కానింగులో ఒక్క గుండే కొట్టుకుంటోంది.

ఆసుపత్రి డాక్టరమ్మ చాలాసేపు వెతికింది. రెండోదాని గుర్తు కూడా లేదు. కవలల్లో ఒక్కోసారి ఇలా జరుగుతుందని, తల్లి శరీరమే కలిపేసుకుంటుందని, కాకపోతే ఇంత ఆలస్యంగా, ఇంత నిశ్శేషంగా ఎప్పుడూ చూడలేదని చెప్పింది. ఉన్న బిడ్డ బాగుంది, నెలలకు మించి ఎదిగింది, దిగులు పడొద్దంది. వనజ బల్ల మీంచి లేవలేదు. "కడుపులో నుంచి యాడికి పోయినాడు వదినా?" అని నీలావతి చెయ్యి పట్టుకుని అడిగింది. డాక్టరమ్మ చెప్పిందే నీలావతి ఇంకోసారి చెప్పింది. చెబుతుంటే పెద్దకాపు చాప మీద ఒంటికన్నుతో అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. అది కేవలం గుర్తురావడమేనని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఆ తర్వాతి వారం ఆమె రొయ్యలు ఒలుస్తోంది. తలలు పక్కన బక్కెట్లో పడుతున్నాయి. పనయ్యాక చెంగయ్య వచ్చి బక్కెట్టు తీసుకుని నీళ్లతో కడిగి, మూత పెట్టి, పడవ వైపు నడిచాడు. మొదటి వారం నుంచీ వాడు చేస్తున్నదే అది, ఆమె చూస్తున్నదే అది. ఆ రోజు మాత్రం ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది.

"అవి యాడికిరా?"

"ఇంటికి. వనజకు తలకాయల పులుసు. యాడికి పోతాయి ఇంకా?"

రొయ్య బేరగాడికి, తల మనకు. గవ్వలదిబ్బలో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. రుచంతా తలలో ఉందనేవాళ్లు, బలమంతా అందులోనే ఉందనేవాళ్లు. తల పారేయడం అన్నం పారేయడంతో సమానం. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే పులుసులో తొలి గరిటె ఆమెకే. నీలావతి తల్లి నీలావతిని కడుపున మోసినప్పుడు తిన్నదీ అదే. ప్రయోగశాల తోకను పరీక్షించింది. తలను పరీక్షించాలని ఎవరికీ తట్టలేదు. తల తిని పెరిగిన మనిషికే తట్టలేదు.

"నువ్వే గదక్కా చెప్పింది, ఏం లేదని," అన్నాడు చెంగయ్య ఆమె ముఖం చూసి.

ఆమె బక్కెట్టు లాక్కుంది. తలల్లోని పసుపుపచ్చ గుజ్జును పరీక్షకు పెట్టింది. నత్త తిత్తుల్ని కొరుక్కుతినే రొయ్య, వాటిలోని జ్యేష్ఠనంతా తలలో దాచుకుంటోంది. కండలో చుక్క లేదు, తలలో మాత్రం యంత్రం కొలవగలిగిన దానికంటే ఎక్కువ ఉంది. నీలావతి స్టూలు మీద కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. తన మేనల్లుడికి బువ్వలో విషం కలిపి, తమ్ముడి చేతికే ఇచ్చి పంపినట్టయిందని ఆమెకు అర్థమైంది.

సదానందం ఫలితాలు చూసి, తలలు ఎవరు తింటారండీ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, రొయ్యను పళ్లెంలో తప్ప చూడనివాడు. ఒక్క కాన్పును పట్టుకుని సరస్సుకంతటికీ పనికొచ్చేదాన్ని ఆపుతారా అని అడిగాడు. ఆపుతానని నీలావతి చెప్పింది. ఆ రోజే అక్కాతమ్ముళ్లిద్దరూ పడవలో పోయి గుళికలన్నీ ఏరి తెచ్చేశారు.

గుళికలు తీసేసినా తిత్తుల్లో మార్పు రాలేదు. తిత్తికి ఒక్కటే పుడుతోంది. రసం తాగి పుట్టినది తానే రసం తయారుచేయడం నేర్చుకుంది. అంతటితో పోలేదు. బలిసిన నత్త ఒకటి కూర్చున్న ఆకుల మీద, వేరే తల్లులు పెట్టిన తిత్తుల్లో కూడా గుడ్లు కదలడం మానేశాయి. రసం తిత్తి గోడ దాటింది. ఒక్కో గడ్డిదుబ్బుకు ఒక్కో పెద్ద నత్త మిగిలింది. ఆకుల మీద మళ్లీ జిగురు పేరుకుంటోంది.

ఆ సంగతి తెలిసిన కొద్దిరోజులకే దీవిలో వనజ పక్కింటి ఈశ్వరికి కడుపు పోయింది. ఏడో నెల. వనజ కంటే నెల వెనక ఆమె. నీలావతి పరామర్శకు వెళ్లి, మనసు రాయి చేసుకుని, తలకాయల పులుసు తిన్నావా అని అడిగింది. ఈశ్వరి గోడ వైపు తిరిగి పడుకునే జవాబిచ్చింది. "ఆ వాసనకే వాంతులక్కా. ఈ కడుపొచ్చినప్పట్నుంచి ఒక్కటీ నోట్లో పెట్టలా."

నీలావతికి ఊపిరాడింది. ఆ ఊరట ఒక్క క్షణమే ఉంది. రోజంతా ఎక్కడ కూర్చునేదానివని తర్వాత అడిగింది.

"వనజక్క పక్కనే. అరుగుమింద. ఇద్దరం అంటుకోని కూర్చోని రొయ్యలు వొలిచేవాళ్లం. ఆమె కడుపులో బిడ్డ తంతే నా మోకాలికి తెలిసేది."

నీలావతి ఎవరికీ చెప్పకుండా వనజ తలగడ గుడ్డ ఒకటి తీసుకుపోయి పరీక్షించింది. చెమటలో జ్యేష్ఠ ఉంది. తలలు తినడం మాన్పించి అప్పటికి రెండు నెలలు దాటింది.

వనజకు మగబిడ్డ పుట్టాడు. బొద్దుగా, నల్లగా, తలనిండా జుట్టుతో, మూడోనెల బిడ్డంత బరువుతో పుట్టాడు. ఏడుపు తక్కువ, ఆకలి ఎక్కువ. అలాంటి బిడ్డను ముద్దు చెయ్యకుండా ఎవరుంటారు? పైగా ఆ ఏడు ఆ వీధిలో నిలిచిన కడుపు అదొక్కటే. కడుపుతో ఉన్న మిగతావాళ్లందరూ పోగొట్టుకున్నారు. కాలం బాగాలేదన్నారు, అమ్మవారికి కోపమన్నారు, పొంగళ్లు పెట్టారు. నీలావతి బిడ్డ పొత్తిగుడ్డను పరీక్షించింది. తల్లి చెమటలో ఉన్నది ఆ గుడ్డ ముందు లెక్కలోది కాదు. తల్లిలో తగ్గుతోంది, బిడ్డలో పెరుగుతోంది.

ఆ కాగితం చేతిలో ఉండగానే ఉయ్యాల వేడుకకు పిలుపొచ్చింది. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తే గనక ఆమె పోక తప్పదు. పడవ దిగి ఇంటిముందు పందిట్లోకి వచ్చేసరికి ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఉయ్యాలలో వేసేముందు బిడ్డను కొత్తగా పెళ్లయినవాళ్ల ఒళ్లో, నెల తప్పినవాళ్ల ఒళ్లో కాసేపు పడుకోబెట్టడం అక్కడి ఆనవాయితీ. పసివాడు తగిలిన ఒడి పండుతుందని నమ్మకం. పోయిన ఏడాది నష్టాల తర్వాత ఆ నమ్మకం ఇంకా ముదిరింది. పెద్దకాపు పోలయ్య మనవరాలు వరసలో మొదట కూర్చుని, కొంగు పరిచి, సిగ్గుపడుతూ ఎదురుచూస్తోంది. ఆమెకు రెండో నెల.

నీలావతి గబగబా వెళ్లి వనజ చేతుల్లోంచి బిడ్డను అందుకుంది. మేనత్త ముచ్చటనుకుని అందరూ నవ్వారు. ఆమె వాణ్ని గుండెకు ఆనించుకుని కదలకుండా నిలబడింది. వాడి దగ్గర పాలవాసన తప్ప ఇంకేమీ లేదు. ఇయ్యమ్మా, పిల్ల కాచుకోనుంది అని పోలయ్య అన్నాడు. అప్పుడు ఆమె చెప్పింది. నత్త సంగతి, తలల సంగతి, తలగడ సంగతి, పొత్తిగుడ్డ సంగతి అన్నీ వరసగా, ఎక్కడా ఆగకుండా చెప్పింది. చెప్పడం అయ్యేసరికి వరసలో ఆడవాళ్లు ఒకరొకరే లేచి పందిరి అవతలికి జరిగారు. పోలయ్య మనవరాలు పరిచిన కొంగును దగ్గరికి లాక్కుంది.

చెంగయ్య నమ్మలేదు. అక్కకు పిచ్చిపట్టిందన్నాడు. వనజ మాత్రం ఏడవలేదు. వచ్చి బిడ్డను తీసుకుంది.

"వీడు చేసిన తప్పేంది వదినా?" అంది. "నేను పెట్టిందే తిన్నాడు."

 నీలావతి పోలయ్య వైపు తిరిగి, దురాయి వెయ్యమని అడిగింది. బిడ్డల్ని కనాల్సిన ఆడవాళ్లెవరూ ఈ ఇంటి దాపులకు రాకూడదని వెయ్యమంది.  నీళ్లకు వేస్తాంగానీ పసిబిడ్డకు ఎవురన్నా వేస్తారా తల్లీ అన్నాడు ముసలాయన.

"వెయ్యి మామా," అంది వనజ. "వెయ్యకపోతే రేపు ఈ దిబ్బమింద ఎవురి కడుపు పోయినా నా బిడ్డ పేరే చెప్తారు. ఒకరోజు ఎవురో ఒకరు రాయి తీసుకుంటారు. నీ దురాయి వాళ్లకు కాదు, నా బిడ్డకు కాపలా."

నీలావతి వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పింది. వరుణ్ అని ఒక చెవిలో, తరుణ్ అని రెండో చెవిలో. రెండు పేర్లూ పెట్టమని వనజే అడిగింది.

మర్నాడు పొద్దున చెంగయ్య సరస్సులోకి పోయి, తాను నాటిన వెదుళ్లన్నీ పీకి పడవలో వేసుకొచ్చాడు. లోపల కాపాడాల్సిన గడ్డి ఇక ఎలాగూ లేదు. వాటినే ఇంటి చుట్టూ, ఇసుకలో నాటాడు. ఎర్రగుడ్డలు రంగు వెలిసినా ఊడిపోలేదు. పని చేస్తున్నంతసేపూ అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు, ఆ తర్వాత కూడా మాట్లాడలేదు.

దురాయిని ఊరు ఎప్పటిలాగే పాటించింది. మగవాళ్లు, కాన్పులు ముగిసిన ముసలమ్మలు లోపలికి పోయేవాళ్లు. మిగతావాళ్లు వెదురు దగ్గర ఆగి, తెచ్చినవి కింద పెట్టి, అక్కడినుంచే పలకరించి పోయేవాళ్లు. రొయ్యలు తెచ్చేవాళ్లు తలలు తుంచి తెచ్చేవాళ్లు. దీవిలో తలలు పారేయడం అదే మొదలు. ఆ కుప్పల మీద కాకులు కూడా ఎక్కువసేపు వాలేవి కావు.

వెదుళ్లు దాటి వచ్చిన పడుచు మనిషి ఈశ్వరి ఒక్కతే. నాకింక పోయేదేముందక్కా అని మొదటిరోజే వచ్చి బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. తన కడుపు ఎందుకు పోయిందో తెలిసిన మనిషి. అందరూ బిత్తరపోయి చూశారు. వాడు ఆమె మోకాళ్ల మీద హాయిగా నిద్రపోయాడు. ఆ రోజునుంచి ఏదో ఒక గిన్నె పట్టుకుని రావడం, వాడికి నీళ్లు పోయడం, కాటుక పెట్టడం ఆమె పనైంది. వాడు కూడా ఈశ్వరి గొంతు వింటే తల్లి ఒడిలోంచి అటు వాలేవాడు. నీలావతి నెలకోసారి వచ్చి పొత్తిగుడ్డ పట్టుకుపోయేది. తగ్గిందా అని వనజ అడిగేది. నీలావతి తలడ్డంగా ఊపేది.

వాడు పాకడం మొదలుపెట్టిన నెలలో ఒక ఉదయం ఈశ్వరి వచ్చింది. వెదురు దగ్గర ఆగింది. చేతిలో గిన్నెను కింద, ఎర్రగుడ్డ అవతలే పెట్టింది. వనజ అరుగు మీద బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసి లోపలికి రమ్మనబోయి, ఆగిపోయింది. ఈశ్వరి పైట కొంగును కడుపు మీదికి లాక్కుంటోంది.

ఎన్నో నెలని వనజ అడగలేదు. "పో ఈశ్వరీ," అంది. "తొందరగా పో."

ఈశ్వరి ఏడుస్తూ వెనక్కి తిరిగింది. ఇసుకలో ఆడుకుంటున్న బిడ్డ ఆమెను చూసి రెండు చేతులూ చాచాడు. ఎత్తుకోవడానికి రాకపోయేసరికి తానే బయల్దేరాడు. వనజ చేతిలోని చేట పడేసి లేచేసరికి వాడు పాకుతూ వెదురు దాటేశాడు. దురాయి అంటే ఏమిటో వాడికింకా తెలియదు.